ఏం కావాలండి?

పట్నం హోటళ్ల మీద వ్రాసేవారికి మన పత్రికల్లో కొదవలేదు. ఫలానా వీధిలో సాంబారు ఘుమఘుమలాడుతుందనీ, ఫలానా మేడ మీద చల్లగదిలో కూర్చుంటే బిల్లు చూసినా చెమట పట్టదనీ వాళ్లు వ్రాస్తూనే వుంటారు. మనం చదివి లొట్టలు వేస్తూనే వుంటాం. కోనసీమవాడు మాత్రం హోటల్లో తిన్న సంగతి వ్రాసుకోడు. వ్రాసుకోవటం అటుంచి, పైకి చెప్పుకోడు కూడాను. కోర్టు పని మీద అమలాపురం వెళ్లి, మధ్యాహ్నం హోటల్లో భోంచేసి ఇంటికి వచ్చాడో, "అదేవిటండీ, ఆ వూళ్లో మనవాళ్లెవరూ లేనట్టు!" అని ఇంటావిడ దెప్పుతుంది. ఆ వూళ్లో వున్న చుట్టానికి ఈ సంగతి తెలిసిందంటే ఏడాదిపాటు పలకరింపులుండవు. తోటలో గెల, పెరట్లో పనస, చెరువులో చేప వున్న సీమలో అన్నానికి ధర కట్టటమంటే మంచినీళ్లకు ధర కట్టటంలాంటిది. మంచినీళ్లకూ ధర కట్టేశారు లెండి, అది వేరే సంగతి.

ఈ అభిమానానికి ఆధారం లేకపోలేదు. 1841లో పుట్టి 1909లో కాలం చేసిన డొక్కా సీతమ్మగారు కాపురం వున్నది లంకల గన్నవరంలో. గోదావరి పాయ దాటి వచ్చే బాటసారి ఏ వేళ తలుపు తట్టినా ఆ తల్లి లేచి వండి పెట్టేదని చెప్పుకోనివారు ఈ సీమలో లేరు. వచ్చినవాడి కులం అడిగేది కాదని కూడా చెప్పుకుంటారు. గన్నవరం దగ్గర గోదావరి మీదుగా కాలువను దాటించే అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆ పేరే పెట్టింది.

అయితే ఒక్కమాట ఆలోచించాలి. ఇంటింటా ఒక సీతమ్మగారు వుండి వుంటే, ఈ ఒక్క సీతమ్మగారిని నూరేళ్లపాటు ఎందుకు చెప్పుకుంటాం? మిగిలిన ఇళ్లలోనూ అన్నం పెట్టారు, కాదనను. కాని అన్నానికి ముందు ఒక ప్రశ్న వడ్డించేవారు: "ఎవరండీ తమరు? ఎవరి తాలూకు?" ఆ ప్రశ్నకు చెప్పిన జవాబును బట్టి వచ్చినవాడికి పీట హాల్లో వేయాలా, విస్తరి వీధి అరుగు మీద పరవాలా, లేక గుమ్మం బయటనే చేతులు చాపించాలా అన్నది తేలేది.

హోటలు వచ్చి ఆ ప్రశ్నను మార్చింది. "ఎవరండీ?" అనటం మానేసి "ఏం కావాలండి?" అంది. ఈ నూరేళ్లలో మన వంటిళ్లలోంచి వచ్చిన మాటల్లో ఇంతకన్న పెద్దది లేదని నా నమ్మకం. ఆ మాట కోనసీమలో ఎంతవరకు వచ్చిందో, ఎక్కడ ఆగిందో నేను తిన్న బల్లల మీదుగా కాస్త చెప్పాలని వుంది.

డబ్బిచ్చి అన్నం తినటం తెలుగువాడికి కొత్త కాదు. పదిహేనవ శతాబ్దినాటి "క్రీడాభిరామం"లో ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. అందులో ఒక పూటకూటింటి ప్రస్తావన వుంది. రూక ఇస్తే కమ్మని భోజనం. మహానగరంలో హోటలు భోజనం మీద తెలుగులో వచ్చిన తొలి వ్యాసం అదే కాబోలు! తరువాత "కన్యాశుల్కం"లో పూటకూళ్లమ్మ వుండనే వుంది. పూటకూళ్లిల్లు పోయి కాఫీ హోటలు వచ్చింది. తక్కినచోట్ల అది రైలుతోపాటు వచ్చింది. స్టేషను పక్కన వెలిసింది. కోనసీమకా, ఇంతవరకు రైలే రాలేదు. కోటిపల్లి నుంచి నరసాపురానికి వేసే లైను మా సీమవారికి పెళ్లికుదరని పిల్ల జాతకంలాంటిది. చూసేవారే గాని ముడిపెట్టేవారు లేరు. అంచేత మా హోటళ్లు రేవుల దగ్గరా, లాకుల దగ్గరా, కోర్టు ఎదటా, సంతలోనూ పుట్టాయి. పడవ దిగినవాడికి కాఫీ, వాయిదా పడ్డవాడికి పెసరట్టు.

ఆ రోజుల బోర్డు జ్ఞాపకం వున్నవారుంటారు: "బ్రాహ్మణ కాఫీ హోటల్." వండేవాడు బ్రాహ్మణుడైతే ఎవరైనా తినవచ్చునన్నది దానిలోని వ్యాపార రహస్యం. అయితే ఆ "ఎవరైనా"లో అందరూ లేరు. నా చిన్నతనంలో మా వూరి టీ దుకాణంలో చూరుకు ఒక గాజుగ్లాసు విడిగా వేలాడుతూ వుండేది. పేటనుంచి వచ్చినవాడు దాన్ని తనే తీసుకునేవాడు. పైనుంచి ధారగా టీ పోసేవారు. తాగి, కడిగి, మళ్లీ చూరుకు తగిలించి, అణాలు అరుగు మీద పెట్టి వెళ్లేవాడు. ఆ దుకాణం ఆసామి దుర్మార్గుడేమీ కాదు. బాకీలు గట్టిగా అడిగేవాడు కాడు. పిల్లలకు బెల్లంముక్క పెట్టేవాడు. గ్లాసు సంగతి ఆయన ఆలోచించను కూడా లేదు. అసలు బాధ అదే! ఆలోచించి చేసిన అన్యాయాన్ని ఆలోచించి మాన్పించవచ్చు. అలవాటుగా చేసినదాన్ని ఎవరు మాన్పించాలి?

చట్టం మాన్పించబోయింది. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగంలో 15వ అధికరణం దుకాణాలను, హోటళ్లను పేరు పెట్టి మరీ చెప్పింది: కులం పేర, మతం పేర ఎవరినీ వాటిలోకి రాకుండా ఆపరాదు. అంత పెద్ద గ్రంథంలో కాఫీ హోటలుకు చోటు దొరకటం చూసి నవ్వుకున్నవారున్నారు. నవ్వేవారికి హోటలు గుమ్మంలో ఎన్నడూ ఆగవలసిన అవసరం పడి వుండదు. 1955లో అంటరానితనాన్ని నేరంగా శిక్షించే చట్టం వచ్చింది. ఇది మన ఒక్కరి రోగమే కాదు సుమా! అమెరికాలో 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరో అనే వూళ్లో నలుగురు నల్లజాతి విద్యార్థులు ఒక పెద్ద దుకాణంలోని ఫలహారపు బల్ల దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. పొయ్యలేదు. మర్నాడూ వచ్చి కూర్చున్నారు. వాళ్ల వెనక ఇంకొందరు వచ్చారు. అక్కడ ఆ బల్ల అందరిదీ కావటానికి జూలై నెలాఖరు దాకా పట్టింది. కప్పు కాఫీకి ఆరు నెలలు! కాఫీకోసం అయితే అంత ఆగనక్కర్లేదు. వాళ్లు ఆగింది "ఏం కావాలి?" అన్న మాటకోసం.

ఇంతకూ తిండి సంగతి చెప్పకుండా ధర్మపన్నాలు వల్లించటం న్యాయం కాదు. అంబాజీపేట వెళ్దాం పదండి. కొబ్బరి వ్యాపారానికి పెట్టింది పేరయిన ఆ వూళ్లో పొద్దుటిపూట తినవలసినది పొట్టిక్కలు. నాలుగు పనసాకులను ఈనెపుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీపిండి పోసి ఆవిరి మీద వుడికిస్తారు. ఆకు విప్పగానే వచ్చే వాసన వుందే, అది ఇడ్లీదీ కాదు, పనసదీ కాదు. రెండూ కలిసి చేసుకున్న ఒప్పందం. పక్కన కొబ్బరిపచ్చడి. మొన్న నేను వెళ్లినప్పుడు నా ఎదటి కుర్చీలో కొబ్బరికాయల వర్తకుడు, పక్క కుర్చీలో లారీ క్లీనరు. వర్తకుడు రెండు తిన్నాడు, క్లీనరు నాలుగు తిన్నాడు. సర్వరు ముగ్గురినీ ఒకే గొంతుతో అడిగాడు: "ఇంకేం కావాలండి, ఆయ్!" నాకు ఆ "ఆయ్" మీద చాలా గౌరవం. కోనసీమలో అది ఎవరికైనా పెట్టే దణ్ణం.

మా సీమ 2022 దాకా తూర్పుగోదావరి జిల్లాలో భాగం. కలెక్టరాఫీసు పనికి కాకినాడ పోవలసి వచ్చేది. కాగితం కదిలినా కదలకపోయినా సుబ్బయ్యగారి హోటల్లో భోజనం మాత్రం ఖాయం. అక్కడ పెద్ద విశేషం వంటకాల లెక్క కాదు. కొసరి కొసరి వడ్డించటం. ఇంట్లో చుట్టాన్ని బతిమాలినట్టు డబ్బిచ్చేవాణ్ణి బతిమాలటం! సీతమ్మగారి ధర్మాన్ని వ్యాపారంలోకి ఎంతవరకు తీసుకురావచ్చో అంతవరకు తెచ్చారని నాకు తోచింది.

అందరూ అల్లా వుండరు. రాజోలు వైపు రోడ్డు పక్క ఒక హోటల్లో నిరుడు సంక్రాంతి రోజుల్లో కూర్చున్నాను. "పులస వుందండి" అన్నాడు కుర్రవాడు. పుస్తెలమ్మయినా తినాలని సామెత వున్న చేప. సముద్రంలో వున్నంతకాలం అది విలస. వర్షాకాలంలో గోదావరికి ఎర్రనీరు రాగానే గుడ్లు పెట్టటానికి ఏటికి ఎదురీదుతూ వస్తుంది. అల్లా వచ్చినదానికే ఆ రుచీ, ఆ పేరూ. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర దాని ప్రయాణం ఆగిపోతుంది. బెండకాయలు వేసి, మట్టిదాకలో పులుసు పెట్టి, మర్నాడు తినాలంటారు తెలిసినవారు. మరి పుష్యమాసంలో పులస ఎక్కడిది నాయనా అంటే, "ఐసులో పెట్టామండి, ఒట్టండి" అన్నాడు. ఒరిస్సానుంచి, బెంగాలునుంచి వచ్చే విలసలు ఇక్కడికి రాగానే పులసలయిపోవటం అందరికీ తెలిసినదే. నేను పప్పుచారుతో సరిపెట్టుకున్నాను. పక్కబల్ల ఆయన మాత్రం వేలు పోసి తిని, "ఆహా, గోదావరి!" అన్నాడు. ఆయన ఆనందాన్ని పాడుచేయటం నాకు ఇష్టం లేకపోయింది. తిన్నది పేరును కదా. పేరుకు రుతువులతో పనిలేదు.

ఇక పానశాల. పట్నంవారి వ్యాసాల్లో సగం ఇదే వుంటుంది. కోనసీమవాడు దీనికోసం పట్నం పోనక్కర్లేదు. ఎదుర్లంక దగ్గర వారధి దాటితే యానాం. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో వున్న చిన్న వూరు, ఇప్పటికీ పుదుచ్చేరిది. "రెస్టారెంటు" అన్న మాట ఫ్రెంచివారిదే. నీరసపడ్డవాడికి సత్తువ ఇచ్చే పులుసుకు మొదట ఆ పేరు వుండేది. అయితే యానానికి వాళ్లు వదిలిపెట్టింది పులుసు కాదు, పటం మీద ఒక గీత. ఆ గీతకు అటు ఒక చట్టం, ఇటు ఒక చట్టం. 1929 నాటి శారదా చట్టం బాల్యవివాహాలను ఆపితే, మనవాళ్లు పిల్లలను పడవెక్కించి యానాంలో పెళ్లిళ్లు చేశారు. దూబగుంట ఆడవాళ్లు 1992లో రేపిన సారా పోరాటం పెరిగి పెరిగి 1995 జనవరిలో రాష్ట్రమంతా మద్యనిషేధం తెస్తే, మనవాళ్లకు యానాంలో హఠాత్తుగా చుట్టాలు పెరిగారు. 1997లో నిషేధం సడలించాక చుట్టరికం కొంత తగ్గింది గాని తెగలేదు. పన్నులు వేరు గనక ధరలు వేరు. తరువాత బాలయోగిగారి పేర వారధి వచ్చి పడవ శ్రమ కూడా తప్పించింది.

ఒక మిత్రునితో ఒకసారి వెళ్లాను. నా ముందు సోడా, వేయించిన రొయ్యలు. గదిలో మనిషి ముఖం మనిషికి కనిపించీ కనిపించని దీపాలు. పక్కబల్ల దగ్గర ఇద్దరు. ఒకాయన తోటలున్న ఆసామి అని మాటను బట్టి తెలుస్తోంది. రెండోవాడు ఆయన తోటలో కొబ్బరి దింపు తీసే మనిషి. చేతుల మీదా, రొమ్ము మీదా చెట్టెక్కిన కాయలు. ఒకే పళ్లెంలో కోడివేపుడు. "నువ్వు తిను ముందు" అంటాడు ఆసామి. "తవరు తీసుకోండి" అంటాడు ఇతను. చివరి ముక్కకోసం ఇద్దరూ ఒకరినొకరు బతిమాలుకున్నారు. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్నగారు "పాలేరు" నాటకం వ్రాశారు. ఆయన ఈ దృశ్యం చూస్తే ఏమనేవారో అనుకున్నాను.

తిరిగి వస్తూ వారధికి ఇవతల టీకోసం ఆగాం. మోటారుసైకిలు మీద వాళ్లూ వచ్చి ఆగారు. ఆసామి బల్ల మీద కూర్చున్నాడు. దింపుమనిషి బండి పక్కనే నిలబడ్డాడు. బల్ల మీద ఇంకా ఇద్దరికి చోటు వుంది. ఎవరూ కూర్చోవద్దనలేదు, ఎవరూ కూర్చోమననూ లేదు. ఇద్దరికీ కాగితపు కప్పుల్లోనే టీ. కాగితపు కప్పులు వచ్చాక రెండు గ్లాసుల గొడవ పోయిందని సంతోషించేవారిని చూశాను. పోయిందో, పారవేసే కప్పులో కలిసి కనిపించకుండా వుందో నాకు తేలలేదు. ఒక పళ్లెంలో తిన్న ఇద్దరికి ఒక బల్ల మీద కూర్చోవటానికి వారధి అడ్డమయింది. మనుషులు సమానం కావటానికి చీకటిగదీ, పరాయివూరూ, రెండు గ్లాసుల మైకమూ కావాలంటే ఆ సమానత్వం తెల్లవారేసరికి దిగిపోయేదే గదా!

తెల్లవారితే ఏమవుతుందో చూశాం కూడా. 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా అయింది. జిల్లాకు డాక్టర్ అంబేద్కర్ పేరు పెడతామనేసరికి ఆ మే 24న అమలాపురంలో ఇళ్లూ బస్సులూ తగలబడ్డాయి. పేరు నిలిచింది. రాజ్యాంగ రచనా సంఘానికి అధ్యక్షుడాయన. ఆ హోటలు గుమ్మం తెరిపించిన గ్రంథానికి పెద్ద. గొడవ సద్దుమణిగాక ఒక ఉదయం నేనెప్పుడూ వెళ్లే టిఫిను హోటలుకు వెళ్లాను. పెసరట్టు అదే, అల్లప్పచ్చడి అదే. కాని రోజూ ఎక్కడ ఖాళీ వుంటే అక్కడ కూర్చునేవాళ్లు ఆవేళ ఎవరి పక్కన ఖాళీ వుందో చూసుకుని కూర్చుంటున్నారు. సర్వరు ఒక్కడే ఎప్పటిలా వచ్చి "ఏం కావాలండి?" అన్నాడు. ఆ వారంలో నాకు వినిపించిన మంచిమాట అదొక్కటే.

ఈమధ్య ఇంకొక వింత. పాత బోర్డు దించుకుని డెబ్భై ఏళ్లయింది గదా, కొత్త బోర్డులు ఎక్కుతున్నాయి. రాజుగారి పలావు, రెడ్డిగారి వంటిల్లు, చౌదరిగారి భోజనం! హైదరాబాదులో "కోనసీమ రుచులు" అన్న అక్షరాల కింద ఇల్లాంటివి వీధికొకటి కనిపిస్తాయి. రుచికి వూరి పేరు పెడితే అర్థం వుంది. నీరు వేరు, మట్టి వేరు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు ఇచ్చారంటే అది ఆ వూరి ఆడవాళ్ల చేతిపనికి ఇచ్చిన పట్టా. బోర్లించిన కుండ మీద పలుచని బియ్యపుపిండి గుడ్డతో పరిచి, క్షణంలో కాగితంలా తీయటం అందరికీ వచ్చేది కాదు. కాని కులానికి రుచి ఏమిటండీ? మసాలా ఎవరు నూరినా మసాలాయే. పేటలో వండే ఎండుచేపల పులుసు తిన్నవాడు జన్మలో మరువడు. దాని పేరు పెట్టి బోర్డు కట్టినవాణ్ణి మాత్రం నేనింతవరకు చూడలేదు. "ఎవరండీ?" అన్న ప్రశ్న గుమ్మంలోంచి పోయి బోర్డెక్కి కూర్చుందన్నమాట.

అయితే ఆ బోర్డు కింద జరిగేది చూస్తే నవ్వు వస్తుంది. లోపల వంట చేసేవాడు ఒరిస్సా కుర్రవాడు. వడ్డించేవాడు అస్సామువాడు. వాడికి మన ఇంటిపేర్లు తెలియవు, గోత్రాలు తెలియవు. ఎవరి పేట ఏదో తెలియదు. వచ్చీరాని తెలుగులో అందరినీ "ఏం కావాలి సార్?" అంటాడు. రాజుగారి హోటల్లో రాజుగారెవరో గుర్తుపట్టలేని ఆ అజ్ఞానం ఎంత చక్కనిదో! మనం నూరేళ్లు చదివి నేర్చుకోలేనిది వాడు రైలు దిగుతూనే చేసి చూపిస్తున్నాడు.

నన్ను ఫలానా హోటలు మంచిదా అని అడిగేవారుంటారు. వుప్పూ కారం సంగతి ఎవరి నాలుక వారిది. నేను చూసేది వేరే. మూడు దాటి రద్దీ తగ్గాక, బల్లలు తుడిచే కుర్రవాడు ఎక్కడ కూర్చుని తింటాడు? వెనకవైపు కుళాయి దగ్గర గొంతుకూర్చుని, మిగిలిన కూరతోనా? లేక తను తుడిచిన బల్ల దగ్గరే, అదే పళ్లెంలోనా? అమలాపురంలో ఒక చిన్న హోటల్లో యజమానురాలు గల్లాపెట్టె దగ్గరనుంచి లేచి వచ్చి, బల్ల ముందు కూర్చున్న ఆ కుర్రవాణ్ణి అడగటం నా చెవులారా విన్నాను: "నీకేం కావాలిరా, అబ్బాయ్?"

ఆ పూట అక్కడ కూరలో వుప్పు కాస్త తక్కువే. వచ్చేవారం మళ్లీ అక్కడికే వెళతాను.